సగంలో చేతికొచ్చిన ఆట

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసి మా వీధిలో అందరూ ఒకటే ప్రశ్న వేస్తున్నారు, చార్మినార్ చూశావా అని. చూడలేదు. గోల్కొండా చూడలేదు. వారం రోజులు విమానాశ్రయం పక్కనే ఉండి, విమానం ఎక్కడం మాట అటుంచి, తలెత్తి ఒక్క విమానాన్నయినా సరిగ్గా చూడలేదు. అవి నెత్తిమీదుగా గర్జించుకుంటూ పోతుంటే నేను తల వంచుకుని చదరంగం గడులు చూస్తూ కూర్చున్నాను. అంత దూరం వెళ్ళింది దానికేనా అని నవ్వేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నాకు తణుకులో జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. మోకాలి నొప్పితో మంచాన పడ్డ రోజుల్లో ఫోనులో చదరంగం పట్టుబడింది. మిషను మీద కూర్చున్నా, కుక్కరు కూతల మధ్య ఉన్నా అదే ధ్యాస. ఆ ధైర్యంతో మా ఊరి చదరంగం క్లబ్బుకి వెళ్ళాను. అక్కడ ఎదురుగా మనిషి కూర్చునేసరికి నా చెయ్యి వణికింది. ఏనుగును జరపబోతే పక్కనున్న గుర్రం పడింది. మంత్రి పోగానే ఫోనులో చేసినట్టే చేశాను, ఓటమి ఒప్పుకుని రాజును పడుకోబెట్టేసి లేచాను. ఫోనులో అయితే వెంటనే ఇంకో ఆట వస్తుంది. క్లబ్బులో ఏమీ రాలేదు, అందరూ నావైపు చూశారంతే.

క్లబ్బు సెక్రటరీ సుబ్బరాజుగారు పెద్దమనిషి. నొప్పించకుండా చెప్పారు. "పాలకొల్లు వాళ్ళతో మన పోటీలో నాలుగో బోర్డు కుర్చీ మీకిద్దామనుకున్నానండి. కానీ ఫోనులో ఆట వేరు, మనిషితో ఆట వేరు. నెలాఖరుదాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? ఇంటికొచ్చి ఏడ్చాను. నలభై ఎనిమిదేళ్ళకి నాదంటూ నేను అడిగిన కుర్చీ అదొక్కటే. ఆ సంగతి మా పిన్ని కూతురు సుజాతకి ఫోనులో చెబుతుంటే దాని మొగుడు యాదగిరి ఫోను లాక్కున్నాడు. అతను శంషాబాద్‌లో విమానాశ్రయానికి టాక్సీ నడుపుతాడు.

"వదినా, మా బండ్లు ఆగే కాడ పొద్దంత చదరంగమే. ఎందరితోనంటే అందరితోని ఆడొచ్చు. నువ్వు పరేషాన్ కాకు, వచ్చెయ్" అన్నాడు. దుకాణానికి తాళం వేసి బయల్దేరాను.

శంషాబాద్‌లో మొదటి పూట

సుజాత వాళ్ళది పాత ఊరివైపు కిరాయి ఇల్లు. దిగీ దిగగానే జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. పుంటికూర అంటే ఏ వింత ఆకో అనుకుని భయం భయంగా నోట్లో పెట్టుకున్నాను. తీరా చూస్తే మన గోంగూరే! పెళ్ళయిన పదేళ్ళలో దీని భాష మారింది, కూరల పేర్లు మారాయి, చేతి రుచి మాత్రం మా పిన్నిదే.

ఇక్కడి ఇరానీ చాయ్ మా ఊరి టీ కంటే ఖరీదు. కానీ ఆ గ్లాసు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. మా ఊళ్ళో తాగీ తాగకముందే గ్లాసు లాక్కుంటారు. ఈ తీరిక చూసే కాబోలు, ఇక్కడ చదరంగం వీధిలో బతుకుతోంది అనుకున్నాను.

బండ్లు ఆగే మైదానం

టాక్సీల వాళ్ళు ప్రయాణికుల కోసం వరసలో ఎదురుచూసే మైదానం అది. ఓ మూల రేకుల నీడ, దాని కింద రెండు సిమెంటు దిమ్మెలు, మధ్యన పాత టైరు. టైరు మీద పరిచిన ఫ్లెక్సీ వెనకవైపు నల్లరంగుతో గడులు గీశారు. ఎవరో నాయకుడి చెయ్యి దాని అంచునుంచి ఇంకా నమస్కారం పెడుతూనే ఉంది. నల్ల గుర్రాల్లో ఒకటి ఎప్పుడో పోయిందట, దాని బదులు నీళ్ళ సీసా మూత పెట్టారు.

ఆడమనిషి వచ్చేసరికి అక్కడున్న పదిమందీ సర్దుకున్నారు. ఒకతను తన తువ్వాలుతో దిమ్మె తుడిచాడు. ఆట నడుస్తోంది, వెనక నిలబడి చూడమన్నాడు యాదగిరి. నల్లపావులతో ఆడుతున్నతను మల్లేశన్న, హైదరాబాదు పక్క కందుకూరు దగ్గరి ఊరివాడు, నెరిసిన మీసాల మనిషి. ఎదుట జహంగీర్ భాయ్, నోట్లో ఎప్పుడూ సోంపు. ఇంతలో మల్లేశన్న ఫోను మోగింది. ఎవరో ప్రయాణికుడు బండి అడిగాడు.

"పోతున్న. ఎవరున్నరు ఎనుక? అక్కా, నువ్వేనా? జర కూసో" అని లేచి తాళంచెవి తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

అక్కడి పద్ధతి అది. ఫోను మోగితే ఎంత మంచి ఎత్తులో ఉన్నా లేవాల్సిందే. ఆట మాత్రం ఆగదు. లేచినవాడి వెనక ఎవరు నిలబడితే వాళ్ళు ఆ సీట్లో కూర్చుని, ఆట ఎక్కడుంటే అక్కణ్ణుంచి అందుకోవాలి. బాగున్న ఆటయితే అదృష్టం, చెడిన ఆటయితే అదీ నీదే. ఒక్కో ఆట పొద్దున మొదలై సాయంత్రానికి ఆరేడుగురి చేతులు మారుతుంది.

నా చేతికొచ్చిన ఆట చెడిపోయి ఉంది. అప్పటికే ఒక ఏనుగు లేదు. వణుకుతున్న చేత్తో నాలుగు ఎత్తులు వేశాను. ఆ సీసా మూత నా గుర్రమని మర్చిపోయి, కాపు కాసే బంటుగా లెక్కేసుకుని, నా మంత్రిని తీసుకెళ్ళి శత్రువు ఒళ్ళో కూర్చోబెట్టాను. జహంగీర్ భాయ్ దాన్ని తీసి పక్కన పెట్టాడు. నేను అలవాటు ప్రకారం రాజును పడుకోబెట్టి పావులన్నీ పోగుచేశాను.

ఒక్కసారిగా గోల లేచింది.

"ఏందక్కా గిది? రాజును పండవెట్టినవేంది?"

"మంత్రి పోయింది కదా. ఓడిపోయాను" అన్నాను.

"నువ్వు ఓడితే గాదక్కా! గది మల్లేశన్న ఆట. అంతకుముందు నర్సింహది. పొద్దుగాల శురూ చేసింది ఇంకెవడో. అందరిది నువ్వెట్ల పండవెడ్తవ్?"

జహంగీర్ భాయ్ అయితే గెలిచినవాడిలా కూడా లేడు. "ఆటకట్టు చేసి గెలవాలె బహెన్, గిట్ల వద్దు" అని సోంపు నములుతూ బాధపడ్డాడు. ఆటను మళ్ళీ పేర్చుదామని కూర్చున్నారు గానీ ఏ పావు ఎక్కడుందో ఏ ఇద్దరికీ మాట కుదరలేదు. ఏనుగు మూలనే ఉందని ఒకడు, అది పొద్దున్నే చచ్చిందని ఒకడు. ఆ వాదన టీలు చల్లారేదాకా సాగి, చివరికి ఎవరిదో ఫోను మోగడంతో ఆగింది.

మధ్యాహ్నానికి మల్లేశన్న తిరిగొచ్చాడు. బండి దిగి మొహమైనా కడుక్కోకుండా నేరుగా టైరు దగ్గరికి వచ్చి, "ఏమాయె నా ఆట?" అని అడిగాడు. అక్కడ తిరిగొచ్చిన ప్రతివాడూ ముందు అడిగేది అదే.

అందరూ నావైపు చూశారు. నేను జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన పక్కన కూర్చుని, "మస్తు గోస పడి నిలవెట్టిన అక్కా దాన్ని" అన్నాడు, అంతే. మా ఊళ్ళో ఎవరూ నా ఆట ఏమైందని నన్నడిగింది లేదు. అడిగేవాళ్ళుంటారని తెలిస్తే అలా పడుకోబెట్టేదాన్ని కానేమో.

"ఇక నుంచి ఓడిపోతున్న వైపే నన్ను కూర్చోబెట్టండి. రాజును మాత్రం పడుకోబెట్టను" అన్నాను.

"గట్లనే కానీ. గా సీటు ఎప్పటికీ ఖాళీనే ఉంటది" అని నవ్వాడు మల్లేశన్న.

ఓడే వైపు

తరవాతి రెండు రోజులూ పొద్దున్నే యాదగిరి బండిలో మైదానానికి వెళ్ళడం, చెడిన ఆటలు అందుకోవడం. మధ్యాహ్నం ఎవరి సద్ది వాళ్ళు విప్పితే అందరిలోంచీ నాకు తలా కాస్త వచ్చేది. పచ్చిపులుసు అన్నం, బియ్యప్పిండితో కాల్చిన సర్వపిండి ముక్కలు. నేను తెచ్చిన ఆవకాయ సీసా ఒక్క పూటలో అడుగంటింది. వీళ్ళు శకటాన్ని ఒంటె అంటారు, బంటును సిపాయి అంటారు. ఆవకాయను మాత్రం ఆవకాయే అన్నారు.

ఓడిపోయాను, చాలాసార్లు ఓడిపోయాను. కానీ ఆటకట్టు అయ్యేదాకా కూర్చుని ఓడిపోయాను. అలా కూర్చుంటే ఒక సంగతి కనిపించింది. గెలుస్తున్నవాడికి అక్కడ తొందరెక్కువ. తన ఫోను ఎప్పుడు మోగుతుందో, తను పండించిన ఆటను వెనకవాడు వచ్చి ఎప్పుడు కోసుకుపోతాడో అని భయం. ఆటకట్టు తన చేత్తోనే చెయ్యాలి కదా! ఆ కంగారులో ఒక్క ఎత్తయినా తప్పు వేస్తాడు. ఓడిపోతున్నవాడికి ఏ తొందరా లేదు. ఆ ఒక్క తప్పు వచ్చేదాకా ఇల్లు చక్కబెట్టుకుంటూ ఉంటే చాలు. ఫోనులో అన్ని వందల ఆటలాడినా ఇది నాకు తెలియలేదు. తెలిసేదాకా నేను ఏ ఆటలోనూ కూర్చోలేదు మరి.

చేతి వణుకు మాత్రం పోలేదు. నేను పడేసిన పావుల్ని నిలబెట్టే వంకతో జహంగీర్ భాయ్ తన ఒంటెను ఓ గడి ముందుకు జరిపేసేవాడు. పట్టుకుంటే, "గాలికి జరిగింది బహెన్" అనేవాడు.

రాజేంద్రనగర్, జామకాయల బండి

వణుకు సంగతి చూసి సుజాత నన్ను రాజేంద్రనగర్ తీసుకెళ్ళింది. వ్యవసాయ విశ్వవిద్యాలయం దారిలో జామకాయలమ్మే అంజమ్మ దానికి పరిచయం. బండి చివర తక్కెడ పక్కన చిన్న చదరంగం బల్ల. బేరాలు లేనప్పుడు ఎవరొస్తే వాళ్ళతో ఆడుతుంది. నన్ను చూడగానే కాయ కోసి, ఉప్పూ కారం అద్ది చేతిలో పెట్టింది.

ఆవిడ ఆట మామూలుదే. ఆవిడ ఆయుధం నోరు. నేను పావు ముట్టుకోబోయే ప్రతిసారీ ఓ ప్రశ్న. "ఏ ఊరక్కా మీది? పిల్లలెంతమంది? గా చెయ్యి ఎందుకు గట్ల వణుకుతున్నది, షుగరుందా?" మా వైపు ఆటలో మాట్లాడితే కళ్ళెర్రజేస్తారు. ఇక్కడ మాట్లాడకపోతే మనిషికి బాగాలేదనుకుంటారు. ఓసారి రాజుకు చెక్ చెప్పి ఇక దొరికిపోయిందని మురిసిపోయాను. ఆవిడ రాజును గుర్రంలా దూకించి అవతల పెట్టింది.

"రాజు దూకడమేంటి?" అన్నాను.

"ఆటకు ఒక్కపారి దూకుతది. మీ దిక్కు దూకదా? గట్లయితే పాపం మీ రాజు" అంది.

ఆ ఆట పోయింది. రెండో ఆటలో నాకూ ఒళ్ళు మండింది. ఆవిడ ఏనుగు ఎత్తబోయే సమయానికి, "అంజమ్మా, నీ జాకెట్టు ఎవరు కుట్టారు? ఎడమ భుజం జారుతోంది, చంక దగ్గర పట్టేస్తోంది కదూ?" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "అవునక్కా! చెయ్యి లేపితే గుంజుతది. ఎట్ల తెల్సింది నీకు?" అంటూ ఏనుగును తీసుకొచ్చి నా గుర్రానికి అందేలా పెట్టింది. నేను కొలతల గురించి చెబుతూనే దాన్ని తీసుకున్నాను. నా చెయ్యి వణకలేదు! కత్తెర పట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఇన్నాళ్ళూ ఎదుటి మనిషిని చూసి భయపడ్డాను గానీ, ఆ మనిషితో మాట్లాడి చూడలేదు. దుకాణంలో రోజంతా చేసేది అదే పని కదా, చదరంగం ముందు మాత్రం నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

ఆట గెలిచాను. సుజాత వాళ్ళ పక్కింటి మిషను అడిగి అంజమ్మ జాకెట్టు సరిచేసి ఇచ్చాను. ఆవిడ సంచీ నిండా జామకాయలు పెట్టింది. డబ్బులివ్వబోతే, "మళ్ళ నా ఏనుగును గుడ ఇస్తవా?" అని నవ్వింది.

కందుకూరులో ఆదివారం

యాదగిరి వాళ్ళమ్మ కందుకూరు మండలంలోనే ఉంటుంది, శ్రీశైలం రోడ్డు నుంచి కాస్త లోపలికి. ఆదివారం అందరం వెళ్ళాం. మక్కగారెలు, అంటే మన మొక్కజొన్న గారెలే, నాటుకోడి కూర. వడ్డిస్తూ ఆవిడ అడిగింది.

"గీ ఆట గెలుస్తే ఏమిస్తరు బిడ్డా?"

"ఏమీ ఇవ్వరత్తయ్యగారూ. మా ఊళ్ళో ఓ కుర్చీ ఉంది. పోటీ రోజున అందులో కూర్చోనిస్తారు."

"గింతేనా? కుర్చీకేనా గింత దూరం వచ్చినవ్?"

యాదగిరి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "మంచిదే. మనకని మనం అడిగింది చిన్నదైనా మంచిదే" అని ఇంకో గారె వేసింది. ఆ గారె నేను వద్దనలేదు.

చివరి రోజు

సాయంత్రం ఎల్బీనగర్‌లో నా బస్సు. మధ్యాహ్నం దాకా మైదానంలోనే ఉంటానన్నాను. మళ్ళీ అదే నల్లపావుల సీటు, అదే మల్లేశన్న, ఎదుట అదే జహంగీర్ భాయ్. మల్లేశన్న ఫోను మోగింది. మంత్రి లేని ఆట నా చేతిలో పెట్టి వెళ్ళాడు. "నిలవెట్టక్కా" అన్నాడు, అంతే.

జహంగీర్ భాయ్ బండ్ల వరసలో రెండోవాడు. ఏ నిమిషాన్నయినా ఫోను మోగచ్చు. ఆయన ఎత్తులు టకటకా పడుతున్నాయి. నేను నెమ్మదిగా ఆడుతూ వాళ్ళావిడ గురించి, కూతురి కాలేజీ గురించి అడుగుతున్నాను. ఆయన చెబుతున్నాడు, ఫోను చూస్తున్నాడు, చెబుతున్నాడు. ఆ తొందరలో తన మంత్రిని నా సీసా మూత దూకే గడిలో పెట్టాడు. వెనకున్నవాళ్ళు ముందుకు వంగారు. మూతతో మంత్రిని తీసుకున్నాను. నన్ను ముంచిన మూతే ఈ వేళ తేల్చింది.

"యా అల్లా" అని నెత్తిమీద చెయ్యి పెట్టుకుని, వెంటనే నవ్వేశాడాయన. "బహెన్, నువ్వు గాలికంటే డేంజర్."

రెండు వైపులా బలం సమానమైంది. నా పావులు నాకు అందంగా కనిపించాయి. సరిగ్గా అప్పుడే యాదగిరి వచ్చి, "వదినా, బస్సుకు టైమైంది" అన్నాడు.

లేవబుద్ధి కాలేదు. వీళ్ళంతా రోజూ ఇలా ఎలా లేస్తున్నారో అప్పుడు తెలిసింది. వెనక నిలబడ్డది నేనెన్నడూ చూడని మనిషి, పేరు కూడా తెలియదు. "జాగ్రత్తండీ, ఆ మూత గుర్రం" అన్నాను. "ఎరికే అక్కా" అని కూర్చున్నాడు. జహంగీర్ భాయ్ లేచి నిలబడి చెయ్యి గుండెలకి ఆనించుకున్నాడు. నేను బండెక్కాక కళ్ళు తుడుచుకున్నాను.

బస్సు చౌటుప్పల్ దాటుతుంటే నేనే ఫోను చేశాను. యాదగిరి ఎత్తగానే, "ఏమైంది నా ఆట?" అని అడిగాను. ఆ మాట నా నోట వచ్చినందుకు నాకే నవ్వొచ్చింది.

"ఓడిండ్రు వదినా. నువ్వు లేవంగనే గాయన ఏనుగును పోగొట్టిండు. ఆగు, మల్లేశన్న మాట్లాడ్తడట."

"ఏం గాదక్కా" అన్నాడు మల్లేశన్న. "నువ్వున్నంతసేపు నిలవడ్డది. నీ ఆట నిలవెట్టు ఇగ."

ఇంటికొచ్చాక

నెలాఖరున పాలకొల్లు వాళ్ళు వచ్చారు. ఈలోగా క్లబ్బులో నా ఆట చూసిన సుబ్బరాజుగారు మాట ప్రకారం నాలుగో బోర్డు ఇచ్చారు. ఎదుట బ్యాంకులో పనిచేసే కుర్రాడు, చకచకా ఆడేవాడు. పోటీలో మాట్లాడకూడదు కాబట్టి మనసులోనే అతనితో కబుర్లు చెప్పుకున్నాను. చొక్కా కాలరు కుట్టు బాగుందనుకున్నాను. చెయ్యి వణకలేదు.

ఆట సగానికి ఏనుగు పోయింది. మిగతా మూడు బోర్డులూ అప్పటికే అయిపోయాయి, మా క్లబ్బు ఎలాగూ ఓడింది. పాలకొల్లు వాళ్ళు సంచులు సర్దుకుని బస్సు టైము చూసుకుంటున్నారు. సుబ్బరాజుగారు దూరం నుంచి, ఇక చాలు లేవండన్నట్టు కనుబొమలు ఎగరేశారు. నేను లేవలేదు. ఈ ఆట ఏమైందని అడిగేవాళ్ళు నాకున్నారు. వాళ్ళకి ఏం చెప్పను, పడుకోబెట్టానని చెప్పనా?

కుర్రాడు వాచీ చూసుకున్నాడు. తోటివాళ్ళు పిలుస్తున్నారు. తొందరగా ముగించాలని రాజుకు కాపలాగా ఉన్న బంటును ముందుకు నెట్టాడు. ఆ సందులోంచి నా మంత్రి వెళ్ళి చెక్ చెప్పింది. అతను జరిగాడు. మళ్ళీ చెక్. మళ్ళీ జరిగాడు. అదే గడి, అదే చెక్. అలా తిరిగి తిరిగి ఎవరూ గెలవకుండా ఆట డ్రాగా ముగిసింది. సుబ్బరాజుగారు దగ్గరికొచ్చి చాలాసేపు బల్లవైపే చూశారు. "వచ్చే పోటీకీ ఈ కుర్చీ మీదేనండి" అన్నారు.

క్లబ్బు మెట్ల మీదే నిలబడి యాదగిరికి ఫోను చేశాను. ఎత్తింది అతను కాదు. బండి కడుక్కుంటున్నాడట. వెనక విమానం హోరు. ఎవరో నాకు తెలియని గొంతు, బహుశా నన్నెన్నడూ చూడని మనిషి.

"ఎవరు? తణుకక్కనా?" అన్నాడు. తరవాత ఫోను పక్కకి తిప్పి, "తణుకక్క చేసిందిరా!" అని కేకేశాడు. అవతల మాటలన్నీ ఆగిపోయాయి.

"చెప్పక్కా" అన్నాడు ఆ పేరు తెలియని తమ్ముడు. "ఏమాయె మన ఆట?"